రోజూ సాయంత్రం తలనొప్పి, మెడ పట్టేయడం: ముందు మాత్రలు లెక్కపెట్టండి

వారంలో నాలుగైదు రోజులు సాయంత్రానికి తల చుట్టూ బిగించి కట్టినట్టు నొప్పి, మెడ పట్టేయడం, పారాసెటమాల్ వేస్తే తగ్గి మర్నాడు మళ్ళీ మొదలు, ఇంట్లో ఏం చేయొచ్చు అని కదా అడిగారు. చిట్కాల సంగతి తర్వాత చూద్దాం. వారానికి నాలుగైదు రోజులంటే నెలకు 16 నుంచి 20 రోజులు మాత్ర పడుతోంది. అసలు చిక్కు అక్కడుంది.

పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవ్వచ్చు. కెఫీనో, కొడీనో (నల్లమందు జాతి నొప్పి మందు) కలిపిన మాత్రలైతే నెలకు 10 రోజులకే ఆ గతి. ఎన్ని మాత్రలు మింగారన్నది కాదు, ఎన్ని రోజులు మింగారన్నది లెక్క. అందుకే "నేను సగం మాత్రే వేసుకుంటాను" అనేవాళ్ళను చూస్తే చిరాకేస్తుంది. సగం మాత్రతో నొప్పి పోదు, రోజు మాత్రం లెక్కలోకి వస్తుంది. వేసుకునే రోజున, నొప్పి మొదలవుతున్నప్పుడే సరిపడా వేసుకోవాలి. పెద్దవాళ్ళకు పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములు, లేదా ఏదైనా తిన్నాక ఐబుప్రోఫెన్ 400. వారానికి రెండు రోజులు దాటొద్దు. పారాసెటమాల్ 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు మించకూడదు. 50 కిలోల లోపు బరువున్నవాళ్ళకు, కాలేయం జబ్బున్నవాళ్ళకు, మద్యం అలవాటున్నవాళ్ళకు ఆ హద్దు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ చాలావరకు పారాసెటమాలే ఉంటుంది, అట్ట వెనక చదవండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ఐబుప్రోఫెన్ జోలికి సొంతంగా వెళ్ళొద్దు.

మాత్రలు మానేస్తే మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. కొడీన్, ట్రమడాల్ లాంటివైతే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చెప్పి తగ్గించుకోండి.

ఇక మెడ. తల బరువు సుమారు ఐదు కిలోలు. గడ్డం ముందుకు చాచి తెర చూస్తుంటే, చూపు నిలపడానికి పుర్రె కింది చిన్న కండరాలు గంటల తరబడి బిగుసుకునే ఉంటాయి. మెడ పైభాగపు నరాలు, ముఖం నుంచి వచ్చే నరం మెదడు కాండంలో ఒకే చోట కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి నుదుట్లో, కంటి వెనక తెలుస్తుంది. నుదుటికి బామ్ రాసుకుంటే కాసేపు చల్లగా హాయిగా ఉంటుంది, తప్పు లేదు. కానీ పని చేయాల్సింది వెనక.

వెల్లకిలా పడుకుని, బొటనవేళ్ళను పుర్రె వెనక అంచు కింద, వెన్నెముకకు రెండు పక్కలా పెట్టి మెల్లగా పైకి నొక్కండి. ఒకచోట నొక్కగానే నొప్పి కంటివైపు పాకిందంటే చోటు దొరికినట్టే. అక్కడ అర నిమిషం కదపకుండా అలాగే ఉంచాలి. గట్టిగా రుద్దితే కండరం ఇంకా బిగుస్తుంది. దానికి ముందు 15 నిమిషాలు వేడి కాపడం పెడితే సులువు. మధ్యలో తువ్వాలు ఉండాలి, చర్మం కాలకూడదు.

తర్వాత గడ్డం వెనక్కి లాగే వ్యాయామం. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, గడ్డం కిందికి దించేస్తారు. చూపు ఎదురుగానే ఉంచి, తల మొత్తాన్ని నేరుగా వెనక్కి జరపాలి. పుర్రె కింద సాగినట్టు తెలియాలి. ఐదు సెకన్లు ఆపి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. తెర పై అంచు కంటి ఎత్తుకు తీసుకురాకపోతే ఈ శ్రమంతా వృథా.

మెడను టక్కున తిప్పి చప్పుడు చేయించుకోవడం మాత్రం మానండి. మెడలో మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలి పక్షవాతం రావడం అరుదే కానీ, కాసేపటి హాయి కోసం ఆ ప్రమాదం ఎందుకు? రోజుల తరబడి కాలరు పెట్టుకున్నా కండరాలు బలహీనపడతాయి తప్ప లాభం లేదు.

నిమిషంలోపే భరించలేనంతగా ముంచుకొచ్చిన నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, మాట తడబడటం, చేతుల్లో బలం తగ్గడం, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి... వీటికి చిట్కాలు చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. 50 దాటాక కొత్తగా తలనొప్పి వచ్చినా, నమిలేటప్పుడు దవడ నొప్పి తోడైనా అదే రోజు చూపించుకోండి, ఆలస్యమైతే చూపు పోవచ్చు.

ఇవన్నీ చేసినా నెలలో సగం రోజులు నొప్పి ఉంటే డాక్టరు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టవచ్చు. అది డిప్రెషన్ మందని చదివి భయపడి పారేస్తారు. తలనొప్పికి ఇచ్చేది చాలా తక్కువ మోతాదు. నోరు ఎండటం, పొద్దున మగత మొదటి వారంలోనే కనిపిస్తాయి, గుణం తెలియడానికి మాత్రం నెల పైనే పడుతుంది. మగత ఇబ్బంది పెడితే మాత్ర పడుకునే వేళకు కాకుండా రెండు గంటల ముందే వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. గుండె లయ సమస్య, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి.