గడ్డపారలో పార ఎక్కడుంది?

సందేహం: మాది అంబాజీపేట దగ్గర. అమ్మాయిని కరీంనగర్ వైపు ఇచ్చాం. మొన్న వాళ్ళింట్లో పందిరి గుంజలు పాతుతూ వియ్యంకుడు గారు "గడ్డపార తే బిడ్డా" అంటే మావాడు వెళ్ళి పార తెచ్చాడు. అందరూ ఒకటే నవ్వు. ఆయన అడిగింది గునపమట! రేకులా వెడల్పుగా ఉండేది కదండీ పార, కడ్డీని పార అనడం తప్పు కాదా? అలాగే సుత్తికీ సమ్మెటకీ తేడా ఏమిటి?

సమాధానం: తప్పు కాదండీ. నన్నడిగితే దారి మార్చింది మన పారే. తమిళంలో పారై అన్నా, కడప్పారై అన్నా గునపమే. కన్నడంలో హారె అన్నా అదే. మన పాలు వాళ్ళకి హాలు, పులి హులి అయినట్టే పాత పారె హారె అయింది. ఇక మలయాళంలో పార అంటే ఏమిటో కోనసీమవాళ్ళకి చెబితే సరదాగా ఉంటుంది. నేలలో మొన పైకి ఉండేలా పాతి, దానిమీద కొబ్బరికాయ గుచ్చి డొక్క వలుస్తారు చూడండి, మీ ఊళ్ళో ఒలుపు కూలీలు గునపం అనే ఆ ఇనప ములుకే వాళ్ళకి పార. చుట్టుపక్కల భాషలన్నిటిలో కడ్డీగా ఉన్న మాట తెలుగులో మాత్రం మట్టి ఎత్తే పనిముట్టుకి స్థిరపడింది, గడ్డపార అన్న జంటమాటలో ఆ కడ్డీ అర్థం అలాగే మిగిలిపోయింది. కాబట్టి మీ వియ్యంకుడు గారి మాటే పాతది, ఈసారి ఆయన్ని నవ్వనివ్వండి.

డెల్టాలో గునపం, తెలంగాణలో గడ్డపార, సీమలో కొన్నిచోట్ల గడారి. మనది ఒండ్రుమట్టి, రాయి తగలడమే అరుదు, అందుకని మన రైతుకి రోజూ చేతిలో ఉండేది పారే. రాతినేల ఉన్నచోట గడ్డపార లేనిదే గుంత దిగదు. పలుగు అన్న మాటతో మాత్రం కాస్త జాగ్రత్త. కొన్ని ఊళ్ళలో అది గునపమే, కొన్ని ఊళ్ళలో కర్రపిడి తగిలించిన మొనదేలిన పనిముట్టు, కొట్లో అడిగేముందు చూపించమనండి. ఇలాంటి పల్లెమాటల్ని ఊరూరా సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ వృత్తిపదకోశం 1962లోనే తెచ్చారు, దొరికితే తిరగేయండి, ఒక్క నాగలి భాగాలతోనే పొద్దు గడిచిపోతుంది.

సుత్తి ఒంటిచేత్తో కొట్టేది, సమ్మెట రెండు చేతులతో ఎత్తి వేసేది. కొలిమి దగ్గర చూస్తే ఇట్టే తెలుస్తుంది: కమ్మరి చిన్న సుత్తితో టక్కుమని చోటు చూపిస్తాడు, ఎదురుగా నిలబడ్డవాడు అక్కడే సమ్మెట వేస్తాడు.