కత్తెర పెట్టే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఎవరి కొలతకు వాళ్లకు కుర్తీ కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతానంటున్నావు. మెడ, చేతులు, పొడవు, రంగు అన్నీ కొనేవాళ్ల ఇష్టం. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ‘వృథా లేని బట్టలు’ అని రాశావు. ఆలోచన నాకు చాలా నచ్చింది. ఆ ‘వృథా లేని’ అన్న మాట నిజం కావాలంటే ఏం చెయ్యాలో, తెనాలిలో 31 ఏళ్లు మిషను తొక్కిన మనిషిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆర్డరు వచ్చాకే కత్తెర పెట్టడం వల్ల నిజంగా మేలు ఉంది. తానులో ఉన్నంతసేపూ గుడ్డ ఏదైనా అవుతుంది. కోశాక ఒక్కటే అవుతుంది. నీ చిన్నప్పుడు మా ఇంట్లో మంచం కింద రెండు ట్రంకు పెట్టెలు ఉండేవి, గుర్తుందా? అందులో 260 యూనిఫాం చొక్కాలు ఉండేవి. ఒక స్కూలు వాళ్లు కుట్టమన్నారని, జూన్‌లో రద్దీ తట్టుకోలేనని, ఏప్రిల్‌లోనే సైజుల వారీగా కుట్టి పెట్టేశాను. మే నెలాఖరులో కబురొచ్చింది, యూనిఫాం మార్చేశామని. అయిదేళ్లు దాచి, చివరికి గుండీలు విప్పుకుని మెకానిక్ షెడ్డుకు తుడుపు గుడ్డలుగా ఇచ్చేశాను. ఆ పత్తికి పోసిన నీళ్లు, ఆ నేత, ఆ రంగు, నా నడుం నొప్పి, అన్నీ గ్రీజు తుడవడానికే పోయాయి. పెద్దవాళ్లకూ ఈ బాధ ఉంది. లండన్ కంపెనీ బర్‌బెర్రీ ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల సరుకు నాశనం చేసినట్టు 2018లో దాని నివేదికలోనే బయటపడింది. గొడవయ్యాక ఆ సెప్టెంబరులోనే, ఇక ఆ పని చెయ్యమని ప్రకటించారు. అమ్ముడుపోతుందో లేదో తెలియకుండా కుట్టి పెట్టడం వల్ల వచ్చే కష్టం ఇది. నీ పద్ధతిలో అది తప్పుతుంది.

కానీ దానికి బదులు ఇంకొకటి వస్తుంది. అదే నీకు ముఖ్యంగా చెప్పాలి.

డల్లాస్‌లో ఉండే ఒక పెళ్లికూతురికి పట్టు జాకెట్లు కుట్టాను. కొలతలు ఫోన్లో చెప్పింది, నేను రాసుకున్నాను. ఒక జాకెట్టుకు వీపు మీద మగ్గం వర్కు చేయించాం. కుందన్లు, జర్దోసీ, మధ్యలో పల్లకీ, దాని కింద తన పేరు, పెళ్లికొడుకు పేరు. ఆ ఒక్క వీపుకే వర్కు చేసేవాళ్లకు పదకొండు రోజులు పట్టింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు వచ్చి వేసుకుంటే చంక దగ్గర అంగుళన్నర బిగువు. ఆ అమ్మాయి కొలుచుకున్నది ఒంటి మీద కాదు, టీషర్టు మీద. అదీ ఎవరి సాయం లేకుండా అద్దంలో చూసుకుంటూ. వర్కు కుట్టు అంచు దాకా వచ్చేసింది కాబట్టి విప్పడానికి లోపల గుడ్డ లేదు. రెడీమేడ్ అయితే ఇంకో సైజు తెచ్చి ఇచ్చేదాన్ని, అది మరొకరికి అమ్ముకునేదాన్ని. రెండు పేర్లు కుట్టిన జాకెట్టు లోకంలో ఇంకెవరు వేసుకుంటారు? ఆ పిల్ల ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే.

యూనిఫాం చొక్కా మూలన పడినా ఏదో ఒక రోజు ఎవరికో పనికొస్తుందన్న ఆశ ఉంటుంది. ఒకరి కోసమే కుట్టింది వెనక్కి వస్తే ఆ ఆశ కూడా ఉండదు. అందుకే నీ లెక్కల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది వెనక్కి వచ్చే బట్టల లెక్క.

కొలతలు నోటిమాటగా తీసుకోవద్దు. మన దగ్గర ఆది జాకెట్టు ఇచ్చే పద్ధతి ఊరికే రాలేదు. వాళ్లకు బాగా పట్టే పాత కుర్తీ ఒకటి నేల మీద పరిచి, పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపమను. గుడ్డ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొయ్యి. కాటన్ మొదటి ఉతుకులో ఎంతో కొంత కుంచించుకుపోతుంది. రెండు పక్కలా అంగుళం చొప్పున లోపల గుడ్డ వదులు. గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఆ అంగుళం ఉంటే మనిషి ఒళ్లు చేసినా ఇంకో నాలుగేళ్లు ఆ కుర్తీ వేసుకుంటుంది. రెడీమేడ్‌లో ఆ అంగుళం చూశావా ఎప్పుడైనా? ఆల్టరేషన్ మొదటి ఏడాది ఉచితమని రాయి. ఆ ఖర్చు ధరలోనే కలుపుకో.

ఇక నువ్విచ్చిన ఎంపికలు: 12 మెడలు, 8 రకాల చేతులు, 5 పొడవులు, 20 రంగులు. గుణిస్తే 9,600 రకాలు. చూసేవాళ్లకు తల తిరుగుతుంది, కుట్టేవాళ్లకు టెన్షన్, పొరపాటు ఖాయం. లీవైస్ వాళ్లు 1990ల్లో అమెరికాలో ఆడవాళ్లకు కొలిచి జీన్స్ కుట్టి ఇచ్చారు. ప్రతి మనిషికీ కొత్త ప్యాటర్న్ గీయలేదు. నాలుగు కొలతలు తీసుకుని, ముందే సిద్ధంగా ఉన్న 4,000కు పైగా నమూనాల్లో దగ్గరిది ఎంచుకునేవాళ్లు. నేను కంప్యూటర్ లేకుండా చేసిందీ అదే. నా దగ్గర 28 నుంచి 46 దాకా అట్ట ప్యాటర్నులు ఉండేవి, వాటి మీదే అటూ ఇటూ సుద్దతో సర్దేదాన్ని. మెడలు నాలుగు, చేతులు మూడు చాలు. పొడవు మాత్రం ఎంతంటే అంత ఇవ్వు, దానికి అదనంగా ఏ సరుకూ నిల్వ పెట్టక్కర్లేదు.

రంగు దగ్గర జాగ్రత్త. 20 రంగులంటే కనీసం 20 తానులు కొనిపెట్టాలి. అందులో ఎనిమిది అమ్ముడుపోవు. కుట్టిన బట్ట మిగలకపోయినా గుడ్డ మిగిలిపోతుంది కదా, అది కూడా వృథానే. రంగులు కావాలంటే రంగు ఎప్పుడు పడుతుందో చూసుకో. పోచంపల్లిలో నూలుకు కట్లు కట్టి, రంగు వేశాకే మగ్గం ఎక్కిస్తారు. ఒక్క కుర్తీ కోసం రంగు మార్చమని అక్కడ అడగకూడదు, అది నేతగాళ్ల కడుపు కొట్టడమే. కలంకారీ అద్దే పెడనలో అలా కాదు. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద టేకు అచ్చులతో తర్వాత అద్దుతారు. కాబట్టి అద్దకం లేని గుడ్డ నిల్వ ఉంచుకుని, ఆర్డర్లు పోగయ్యాక అద్దించుకోవచ్చు. ఇటలీ వాళ్ల బెనెటన్ కూడా స్వెట్టర్లు తెల్లగా అల్లి పెట్టుకుని, ఏ రంగు అమ్ముడుపోతుందో తెలిశాక ముంచేవాళ్లు.

ఇంకో సంగతి నీ కాగితాల్లో లేనే లేదు. ఫ్యాక్టరీలో గుడ్డను దొంతరగా పరిచి, చిన్న సైజుల పక్కన పెద్దవి ఇరికించి గీస్తారు. అయినా 10 నుంచి 20 శాతం దాకా ముక్కల కింద పోతుందంటారు. నువ్వు ఒక్కో కుర్తీని విడిగా కోస్తే అంతకంటే ఎక్కువే పోతుంది. అందుకే రోజూ కొయ్యకు. మంగళవారం, శుక్రవారం కటింగ్ అని పెట్టుకో. ఒకే గుడ్డ మీద వచ్చిన ఆర్డర్లన్నీ ఆ పన్నా మీద పరిచి చూడు. పెద్దావిడ కుర్తీ గేరు పక్కన మిగిలిన మూలలో చిన్నపిల్ల చేతులు పట్టేస్తాయి. మిగిలిన ముక్కలు పైపింగుకు, గుడ్డ గుండీలకు పనికొస్తాయి. రెండు రోజుల్లో డెలివరీ అని మాటిస్తే మాత్రం ఇదేమీ కుదరదు. పది రోజులు అని చెప్పు. కుట్టించుకునే ఆడవాళ్లకు ఆగడం కొత్త కాదు.

‘వృథా లేని’ అన్న మాట ఇప్పుడే ముద్రించకు. ఆరు నెలలు ఒక నోటుబుక్కు పెట్టు: ఎన్ని మీటర్లు కొన్నావు, ఎన్ని కుర్తీలు అయ్యాయి, ముక్కలు ఎన్ని కిలోలు, ఎన్ని వెనక్కి వచ్చాయి. ఆ అంకెలు బాగుంటే అవే ముద్రించు.

నా అట్ట ప్యాటర్నులు, కొలతల పుస్తకాలు మీ నాన్నతో పంపిస్తున్నాను. అట్టల అంచులు అరిగాయి. 34, 36 ఎక్కువ వాడినవి, వాటిని కొత్త అట్ట మీద గీసుకుని వాడు. ఆదివారం వచ్చేటప్పుడు ఒక తాను, నువ్వు కుట్టిన మొదటి కుర్తీ తీసుకురా. లోపలి కుట్టు చూడాలి.

అత్తయ్య