బల్బు మార్చే ముందు ఎర్త్ చూడండి

ప్రశ్న: మాది 1999 మోడల్ మారుతి 800. రెండు నెలలుగా ఎడమ హెడ్‌లైట్ ఎర్రగా, మసకగా వెలుగుతోంది. రెండుసార్లు కొత్త బల్బు వేయించినా తేడా లేదు. డిమ్‌లో పెట్టినా మీటర్ దగ్గర హై బీమ్ నీలం లైటు సన్నగా వెలుగుతూనే ఉంటోంది. వైరింగ్ మొత్తం మార్చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆ నీలం లైటు సంగతి రాసి మీరు చాలా మంచిపని చేశారు, లోపం ఎక్కడుందో సగం అదే చెప్పేస్తోంది.

మీ బండి బల్బులో రెండు ఫిలమెంట్లు, బయటికి మూడు కాళ్లు ఉంటాయి. ఒక కాలు హైకి, ఒకటి డిమ్‌కి, మూడోది రెండిటికీ ఉమ్మడి. ఎడమ వైపు ఆ ఉమ్మడి కాలికి వచ్చే వైరు ఎక్కడో తెగినా, తుప్పు పట్టినా బల్బు పూర్తిగా ఆరిపోదు. కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఎడమ బల్బు డిమ్ ఫిలమెంట్ దాటి, అదే బల్బు హై ఫిలమెంట్‌లో దూరి, హై వైరు పట్టుకుని కుడి బల్బు దాకా పోయి, అక్కడి హై ఫిలమెంట్ గుండా దారి పూర్తి చేసుకుంటుంది. అంటే మూడు ఫిలమెంట్లు వరసగా కలిసిపోయి ఉన్న 12 వోల్టులనూ పంచుకుంటున్నాయి, ఒక్కోదానికి దక్కేది నాలుగు వోల్టులకు అటూ ఇటూ. నాలుగు వోల్టులతో ఎర్రగా తప్ప ఎలా వెలుగుతుంది చెప్పండి! నీలం లైటు కూడా ఆ హై వైరు మీదే ఉంటుంది కాబట్టి దానికీ కాస్త అందుతోంది. ఇలాంటప్పుడు ఎన్ని బల్బులు మార్చినా డబ్బు దండగే.

నా మాట నిజమో కాదో ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. లైట్లు డిమ్‌లో పెట్టి, ఎడమ బల్బు వెనకున్న కప్లర్ (వైర్లు వచ్చి బల్బు కాళ్లకు తగులుకునే ప్లగ్గు) లాగేయండి. నీలం లైటు వెంటనే ఆరిపోతే లోపం ఎడమ వైపే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా బండ్లలో ఉమ్మడి కాలు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి. కానీ జపాన్ డిజైన్ పాత బండ్లు కొన్నిటిలో వ్యవహారం తిరగబడి ఉంటుంది, ఉమ్మడి కాలికి ప్లస్ వస్తుంది, స్విచ్ ఎర్త్ వైపు పనిచేస్తుంది. మీది ఏ రకమో ఊహించకుండా చూసి తెలుసుకోండి. రెండు వైపులా కప్లర్లు తీసేయండి (ఒక్కటే తీస్తే రెండో బల్బు గుండా కరెంటు తిరిగొచ్చి మిమ్మల్ని తికమక పెడుతుంది), టెస్ట్ ల్యాంప్ (కరెంటు తగిలితే వెలిగే చిన్న బల్బు పరికరం) క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టి, లైట్లు వేసి, బాగా వెలిగే కుడి వైపు కప్లర్‌లో మూడు రంధ్రాలూ ఒక్కొక్కటిగా తాకండి. హైలో ఒక రంధ్రం, డిమ్‌లో ఇంకోటి వెలిగిస్తే, ఎప్పుడూ వెలిగించని మూడోది ఎర్త్. అలా కాకుండా హైలోనూ డిమ్‌లోనూ ఒకే రంధ్రం వెలిగిస్తుంటే అదే ఉమ్మడి ప్లస్.

ప్లస్ రకమైతే ముందు ఎడమ హెడ్‌లైట్ ఫ్యూజ్ తీసి చూడండి. రెండు పక్కలకూ వేర్వేరు ఫ్యూజులున్న బండిలో ఒక్క ఫ్యూజ్ పోతే అచ్చం మీరు రాసినట్టే ఉంటుంది. మార్చేటప్పుడు అదే ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి, మళ్లీ పోతే వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోందని అర్థం.

ఎర్త్ రకమైతే ఒక మీటరు వైరు చాలు. కప్లర్లు తిరిగి పెట్టి, ఎడమ బల్బు ఎర్త్ కాలి నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి వైరు తాకించండి. లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగితే దొంగ దొరికినట్టే. ఆ ఎర్త్ వైరు బాడీకి బిగించిన స్క్రూ విప్పి, లగ్గునూ (వైరు చివరి లోహపు కొసను), అది ఆనే రేకునూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి. మీ ఊళ్లో సముద్రపు గాలి ఉప్పు పాతికేళ్లుగా ఆ రేకును తింటూనే ఉంది, అందుకే నా అనుమానం మొదట అక్కడికే పోతుంది. హోల్డర్ కాళ్లు పచ్చగా పట్టినా, నల్లగా మాడినా హోల్డర్ ఒక్కటే మార్చండి. ఇవన్నీ చూశాకే వైరింగ్ మాట. లారీల మధ్య ఒంటి లైటుతో వచ్చే టెన్షన్ నాకు తెలుసు, పని అయ్యేదాకా దయచేసి రాత్రి ప్రయాణాలు పెట్టుకోకండి.

ప్రశ్న: ఏడాదిలో నాలుగు హెడ్‌లైట్ బల్బులు పోయాయి. కంపెనీ మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండు పక్కలవీ పోతుంటే చార్జింగ్ ఎక్కువవుతోందేమో చూడాలమ్మా. ఇంజన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టించండి. 14 వోల్టుల దగ్గర ఉంటే మంచిది, 15 దాటితే చార్జింగ్‌ను అదుపులో ఉంచే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడైందని అర్థం, బల్బులతో పాటు బ్యాటరీ కూడా పోతుంది. ఎప్పుడూ ఒకే పక్కది పోతుంటే లైటు వదులుగా ఉండి అదురుతోందేమో చూడండి. హాలోజన్ బల్బు గాజును వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి పోతుంది. బిగించేవాళ్లు ఎలా పట్టుకుంటున్నారో కూడా ఒకసారి గమనించండి.

ప్రశ్న: మాది పాత అంబాసిడర్. రెండు లైట్లూ సమానంగానే వెలుగుతాయి గానీ రోడ్డు కనిపించడం లేదు. 100/90 వాట్ల బల్బులు వేసుకోమంటున్నారు, వేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వేయకండి. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిపి 10. వంద వాట్లవైతే దాదాపు 17. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని పాత బండిలో ఆ కరెంటంతా సన్నటి వైర్లు, అరిగిపోయిన స్విచ్ గుండానే పోవాలి. స్విచ్ కరుగుతుంది, హోల్డర్ మాడుతుంది, మంటలు కూడా రావచ్చు. పైగా ఎదురొచ్చే వాళ్ల కళ్లలో కొడుతుంది.

అసలు మీ బల్బుకు ఎంత అందుతోందో కొలిచారా? ఇంజన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా ముందు బ్యాటరీ మీద, తర్వాత బల్బు కాళ్ల మీద మీటర్ పెట్టండి. కప్లర్ పీకి కొలిస్తే మాత్రం మోసపోతారు, లోడు లేనప్పుడు ఒక్క పోగు మిగిలిన వైరు కూడా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. రెండు అంకెలకీ తేడా అర వోల్టు లోపుంటే సరే. ఒకటిన్నర వోల్టు తగ్గిందంటే వెలుగులో దాదాపు మూడో వంతు పోయినట్టు, ఎందుకంటే వోల్టేజి కాస్త తగ్గినా వెలుగు దానికంటే చాలా ఎక్కువగా పడిపోతుంది.

తేడా ఎక్కువుంటే ముందు ఎర్త్‌లు శుభ్రం చేయించండి, ఆ తర్వాత హైకి ఒకటి, డిమ్‌కి ఒకటి రిలేలు పెట్టించండి. రిలే 30 నంబరు కాలికి బ్యాటరీ నుంచి, దారిలో బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టి, నేరుగా లావు వైరు. 87 నుంచి బల్బుకు. పాత స్విచ్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. ఇక స్విచ్ మీద పడేది రిలేను లాగేంత చిన్న కరెంటే. లైటు లోపలి అద్దం పూత కూడా చూడండి, అది మసకబారి ఉంటే మాత్రం వోల్టేజి ఎంత పెంచినా రోడ్డు కనిపించదు, లైటే మార్చాలి.