ఫ్లూటు పడిన చోటు

తిరుపతి,
బుధవారం రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఫోన్‌లో ఇంత పొడుగు ఉత్తరాలు రాసేవాళ్లు ఇంకా ఉన్నారా అనిపించింది. దాంతోపాటు పంపిన పాట రెండు రకాలూ విన్నాను, ఒక్కోటి మూడేసి సార్లు.

"వాళ్లూ నాలాగా నేర్చుకుంటున్నవాళ్లే కదా సార్, వాళ్ల మాట నేనెందుకు పట్టించుకోవాలి?" అని అడిగావు. అడిగిన తీరు చూస్తేనే తెలుస్తోంది, వద్దు అని నా నోట అనిపించుకోవాలని. ముగ్గురు స్నేహితులకు పాట వినిపిస్తే ముగ్గురూ మూడు వంకలు పెట్టారు. ఒకడు బేస్ మోత, అంటే లోతు స్వరాల మోత, ఎక్కువన్నాడు. ఇంకొకడు పలకలు, అదే జాతర డప్పుల మోత, తీసెయ్యమన్నాడు. సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే అమ్మాయి గొంతు చచ్చిపోయిందనేసింది. నీకు ఒళ్లు మండింది. మండుతుంది మరి, రాత్రుళ్లు నిద్ర మానుకుని చేసిన పాట కదా.

నాకూ ఒకసారి అలాగే మండింది. ముందు ఆ సంగతి చెప్తాను.

కాసెట్ల రోజులు. తిరుపతిలో బస్టాండు నుంచి గాంధీ రోడ్డు దాకా ఏ కొట్టు ముందు నిలబడినా ఏదో ఒక భక్తి పాట మోగుతుండేది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఒక కాసెట్టుకు ఎనిమిది పాటలు రాసే అవకాశం వచ్చింది. రికార్డింగ్ మద్రాసులో, స్టూడియోకు గంటల లెక్కన అద్దె. అయిదో పాట చరణంలో నేనొక పంక్తి రాశాను: "అడిగిన వరమే ఇవ్వని స్వామివి కావయ్యా". కాగితం మీద చూసుకుంటే ముచ్చటగానే ఉంది. ట్యూన్ ఆది తాళంలో కట్టారు. "స్వామివి" దగ్గరికి వచ్చేసరికి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, అయిపోతుంది. గాయకుడు అక్కడ ఊపిరి తీసుకుంటాడు. ఆ సందులో ఒక ఫ్లూటు బిట్టు. అదంతా అయ్యాక, తీరిగ్గా, "కావయ్యా".

నాతోపాటే పాటలు రాయడం మొదలుపెట్టినవాడొకడు తోడు వచ్చాడు. ట్రయల్ విని నా చెవిలో, "అన్నా, ఫ్లూటు పడే చోట స్వామిని తిట్టినట్టుండాది" అన్నాడు. ఏం చేద్దామంటావ్ అన్నాను. "వరములనిచ్చే వరదుడవయ్యా అని మార్చేస్తే పోలా?" అన్నాడు. వరదుడంటేనే వరమిచ్చేవాడు. నీళ్లు తడిగా ఉన్నాయన్నట్టుంది. నవ్వొచ్చింది, పక్కనున్న తబలా ఆయనకు కూడా చెప్పి నవ్వించాను. పంక్తి అలాగే రికార్డయింది.

కాసెట్టు వచ్చింది. మా వీధి మొదట్లో పూలమ్మే అవ్వ ఒకరోజు నన్ను ఆపి, "ఏం నాయనా, అడిగితే ఇవ్వడా స్వామి? అట్ల రాసినావేంది?" అంది. ఆమె ఫ్లూటు దాకానే విన్నది. తర్వాత ఎవరో బేరానికి వచ్చుంటారు. ఆ ఏడాదంతా బజారుకు పోయిన ప్రతిసారీ ఆ ఫ్లూటు నన్ను వెతుక్కుంటూ వచ్చేది. ఇంతకీ దానికి కావలసిన సవరణ ఎంత? "కావయ్యా"ని పంక్తి మొదటికి తెచ్చి ఉంటే చాలు. లేదంటే ఫ్లూటును ఒక పంక్తి కిందికి జరిపినా సరిపోయేది. అయిదు నిమిషాల పని.

మద్రాసుకు తోడొచ్చినవాడు రోగం సరిగ్గానే పట్టాడు, మందే చెత్తది ఇచ్చాడు. నేను ఆ మందు పారేస్తూ రోగం పేరు రాసిన చీటీ కూడా పారేశాను. నీ ఉత్తరం చదువుతుంటే నువ్వూ అదే పని చేస్తున్నావని తోచింది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు నీ బేస్ సంగతికి వద్దాం. ఆ కుర్రాడు వాళ్లన్న కారులో పాట పెట్టుకుని, "ఏందిరా ఇది, బండి అద్దాలు అదరతా ఉండాయి, కిక్ తీసెయ్యి" అన్నాడని రాశావు. కిక్ అంటే తాళానికి ధబ్బుమని పడే లోతైన డ్రమ్ దెబ్బ. నీ గదిలో మాత్రం కిక్ అసలు సరిపోవడమే లేదని, లోతు మోతను, పదును మోతను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో ఆరు డెసిబెల్స్ పెంచితే గానీ వినపడలేదని కూడా నువ్వే రాశావు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడు.

బైరాగిపట్టెడలో నీ గది నేను చూసిందే కదా. మేడ మీద, పదడుగులకు పదడుగులు. నీ టేబులు ఎక్కడ? ఉక్క తట్టుకోలేక ఫ్యాన్ కింద వేసుకున్నావు. అంటే గదికి సరిగ్గా నడుమ. నేను పాటలు రాసేవాణ్నే గానీ, ఏళ్ల తరబడి సౌండ్ ఇంజనీర్ల పక్కన కూర్చుని టీలు తాగినందుకు ఈ లెక్క మాత్రం వంటబట్టింది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పదడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు. ఈ గోడకూ ఆ గోడకూ మధ్య సరిగ్గా సగం అల పట్టే స్వరం ఏదని లెక్క కడితే 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 కంపనాల దగ్గర తేలుతుంది. ఆ స్వరం గోడల పక్కన ఉబ్బుతుంది, నడుమ దాదాపు మాయమైపోతుంది. గది చతురస్రంగా ఉంది కాబట్టి నిలువునా అడ్డంగా ఒకే స్వరానికి ఆ గతి పడుతుంది. పైకప్పు కూడా పదడుగుల ఎత్తే అయితే ఇక చెప్పక్కర్లేదు. నీ కిక్ బరువంతా 50, 60 మధ్యనే ఉంది. నువ్వు కూర్చున్న చోట అది వినపడదు. వినపడలేదని పెంచావు. పెంచినదంతా పోయి ఆ కారు అద్దాల మీద పడింది.

నమ్మకం లేకపోతే ఇవాళ పాట పెట్టి ఫ్యాన్ కింది నుంచి గోడ దాకా నడిచి చూడు, కింద అద్దెకున్నవాళ్లు పడుకోకముందే. చెవి గోడ దగ్గరికి పోయేకొద్దీ కిక్ ఎలా లావెక్కుతుందో నీకే తెలుస్తుంది. కుర్చీ అక్కణ్నుంచి జరుపు, ఒక గోడ నుంచి మూడో వంతు దూరంలో వేసుకో. గోడలకు ఫోమ్ అంటించమని ఎవడైనా చెప్తే డబ్బు తగలెయ్యకు, రెండంగుళాల ఫోమ్ అంత లోతు స్వరాన్ని ఆపలేదు. కిక్ మటుకు హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకో, అందులో గది గొడవ ఉండదు.

ఆ కుర్రాడికి ఈ లెక్కలేవీ తెలియవు. తెలియాల్సిన పనీ లేదు. వాడు నీ గదిలో లేడు, నీ చెవులతో వినలేదు, అదే వాడి దగ్గరున్న ఆస్తి. కిక్ తీసెయ్యమన్నాడు చూడు, ఆ మాట వాడికే వదిలెయ్.

పలకల విషయంలో నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, నీ మీద. మేలో గంగమ్మ జాతరప్పుడు, బండ వేషం రోజున, తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర జనంలో నిలబడి ఫోన్‌లో పట్టిన మోత అది. స్నేహితుడు "నాయిస్ రా, ప్యాక్‌లో మంచి డ్రమ్స్ ఉండాయి కదా" అనగానే తీసిపారేసి ఆ ప్యాక్‌లోని రెడీమేడ్ డ్రమ్స్ పెట్టావు. రెండో రకం విన్నాను. శుభ్రంగానే ఉంది. ఏ ఊరి పాటో మాత్రం చెప్పలేం, ఏ పెళ్లి ఊరేగింపులోనైనా వేసుకోవచ్చు. మొదటి దాంట్లో పలకల వెనకాల ఎక్కడో ఒక పిల్లోడు బూర ఊదుతున్నాడు, గమనించావా? నాకు పాట మొత్తం మీద నచ్చింది ఆ బూర.

అలాగని నీ స్నేహితుడు ఊరికే అనలేదు. మొదటి రకంలో "గంగమ్మా" తర్వాత వచ్చే మాట మూడు సార్లు విన్నా నాకు అందలేదు. రాసేవాణ్ని కాబట్టి నాకు ముందు మాటే కావాలి. హల్లుల పదునంతా సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పలక మీద పుల్ల దెబ్బ చిటుక్కుమనేదీ ఆ చుట్టుపక్కలే. రెండూ ఒకే గుమ్మంలో దూరబోతే బలమైనది లోపలికి పోతుంది, మాట బయటే నిలబడిపోతుంది. గొంతు పాడుతున్నంతసేపూ పలకల్లో ఆ భాగాన్ని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించు. చరణానికీ చరణానికీ మధ్య వదిలెయ్, మోగనీ. అతనికి వినిపించిన ఇబ్బంది నిజమే గానీ, నాయిస్ అని పేరు పెట్టాడు, అక్కడ తప్పాడు.

ఇక వీణ అమ్మాయి. మొదట్లో తోడి రాగం ఛాయలో ఆలాపన పెట్టావు, బాగా పాడించావు కూడా. ఆ తర్వాత తప్పిన స్వరాన్ని సరైన మెట్టుకు లాగే పిచ్ కరెక్షన్ వేసి దాని వేగం చివరికంటా తిప్పేశావు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడి ఉండేది కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఆ ఊగడమే గాంధారం. నీ సాఫ్ట్‌వేర్‌కి పన్నెండు మెట్లు తప్ప తెలియదు. ఊగేదాన్ని తెచ్చి మెట్టు మీద కూర్చోబెట్టింది. బీట్లు చేసే నీ స్నేహితుల్లో ఒక్కడికీ ఇది తట్టలేదు, ఆ అమ్మాయి చెవి ఒక్కటే పట్టింది. అది తీసేసి పాడింది పాడినట్టు ఉంచమంది. ఇక్కడ మందు కూడా సరైందే, మారుమాట్లాడకుండా వేసుకో. అలాంటి చెవి ఒకటి దగ్గరుంటే పాటల సాఫ్ట్‌వేర్‌కు తగిలించే కొత్త ప్లగిన్లు ఎన్ని కొన్నా దానికి సాటి రావు.

పెద్ద ఇంజనీర్లకు వినిపిస్తానంటున్నావు. వినిపించు, తప్పేం లేదు. కాని పెద్దవాళ్ల సంగతి నాకు తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ని అయిపోయాను కాబట్టి. ఎవరైనా కుర్రాడు పాట చూపిస్తే "బాగుంది నాయనా, కానీ" అని భుజం తట్టి పంపించేస్తాం. ఎందుకు బాగాలేదో చెప్పడానికి గంట పడుతుంది. ఆ గంట నీ ఈడువాళ్లకే ఉంటుంది, మొహం మీద అనే చనువు కూడా వాళ్లకే ఉంటుంది. వాళ్లలోనూ "కేక అన్నా" అనేవాళ్లు దండిగా ఉంటారు, రేపు వాళ్ల పాటకు నువ్వు అనాలి కదా మరి. అది పెళ్లిలో చదివింపుల లాంటిది. పుస్తకంలో రాసుకుని మర్చిపో.

"ఎలా ఉంది?" అని అడగడం మానెయ్. అడిగితే మనిషి పరీక్ష పేపరు ముందు కూర్చున్నట్టు ఏదో ఒక జవాబు రాయడానికి చూస్తాడు. ప్లగిన్ల పేర్లు వచ్చేది అప్పుడే. పాట పెట్టి వాళ్ల వెనక కూర్చో. మహతి ఆడిటోరియంలో కచేరీకి పోయినప్పుడు నేను వేదిక మీదికన్నా ముందు వరసలో తొడల మీద తాళం వేసే చేతుల్ని ఎక్కువ చూస్తాను. చెయ్యి ఆగిందంటే అక్కడ ఏదో జరిగింది. నీవాడు ఫోన్ ఎక్కడ తీశాడో ఆ నిమిషం, ఆ సెకను రాసుకో. ఇద్దరు వేర్వేరు రోజుల్లో ఒకేచోట ఫోన్ తీస్తే అక్కడ నీకు పని ఉందన్నమాట. దేంట్లో విన్నారో కూడా అడుగు, అరచేతిలోని ఫోన్ స్పీకర్‌కి లోతు స్వరాలు పలకవు, బేస్ లేదన్నాడని కంగారుపడొద్దు. రెండు మిక్సులు, అంటే మోతలు వేర్వేరుగా కలిపిన రెండు రకాలు, పోల్చమన్నప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చెయ్యి. కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా, నాకు కూడా.

వాళ్లు మాట్లాడేటప్పుడు "అది కాదురా, నేను కావాలనే అట్ల పెట్టినా" అని అడ్డం పడొద్దు. పూలమ్మే అవ్వకు నేను ఫ్లూటు సంగతి ఎంత వివరించానో నీకు తెలియదు. పాపం, అంతా విని, "అయితే ఇస్తాడంటావా?" అంది.

ఇంకొకటి. నీ ఉత్తరంలో వాళ్లు నీ పాట గురించి ఏమన్నారో రెండు పేజీలు ఉంది. వాళ్ల పాటలు నువ్వు విన్నట్టు ఒక్క ముక్క లేదు. కారు కుర్రాడు కూడా ఏదో చేస్తున్నాడని ఎప్పుడో అన్నావు. నీ పాటలో నీకు వినపడని తప్పు వాడి పాటలో ఠక్కున దొరుకుతుంది, ఎందుకంటే దాని మీద నీకు మమకారం లేదు. ఈ ఆదివారం పొద్దున్నే వాణ్ని వెంటబెట్టుకుని ఇంటికి రా. టిఫిను ఇక్కడే. పాటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, ఫోన్లలో పంపుకుంటే నలిగిపోతాయి. తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి. ముందు వాడి పాట విందాం. ఎక్కడ విసుగేసిందో నువ్వు చెప్పాలి, ఏం చెయ్యాలో మాత్రం చెప్పకూడదు. తర్వాత నీది.

వాళ్లన్న కారు దొరికితే అందులోనే రండి. నీ పాట నేను అందులో వినాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి