సిజేరియన్ కుట్ల దగ్గర చీము పడితే?

ప్రశ్న: సిజేరియన్ అయి ఆరు రోజులైంది. కుట్టు ఒక చివర ఎర్రబడి గట్టిగా ఉంది, నొక్కితే చీములా వస్తోంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవచ్చా? పాలివ్వొచ్చా?

జవాబు: ఆ మాత్రలు వేసుకోకండి, ఇవాళే డాక్టరుకు చూపించుకోండి. గాయం ఇన్ఫెక్షన్ ఎక్కువగా బయటపడేది నాలుగు నుంచి ఏడు రోజుల మధ్యే. లోపల చీము నిలిచి ఉంటే మందు ఒక్కటే చాలదు. ఆ చోట కుట్లు విప్పి, చీము తీసి, సెలైన్‌తో కడిగి, చర్మం కింద పొట్టను పట్టి ఉంచే లోపలి పొర విడిపోకుండా గట్టిగా ఉందో లేదో చూడాలి. తర్వాత గాయాన్ని తెరిచే ఉంచి రోజూ డ్రెస్సింగ్ చేస్తారు. చూడటానికి భయంగా ఉన్నా అడుగు నుంచి మానడానికి అదే సరైన దారి. పైనే మూసుకుపోతే చీము మళ్లీ కడుతుంది.

ఈలోగా గాయాన్ని నొక్కకండి, పౌడర్లూ పూతలూ వద్దు. స్నానం చేయొచ్చు, శుభ్రమైన గుడ్డతో అద్దుకోండి. పొట్ట మడత కింద చెమ్మ నిలవనీయకండి. షుగరు ఉంటే అదుపులో లేనిదే గాయం మానడం కష్టం.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, చర్మం నల్లబడినా, గులాబీ రంగు నీరు ఒక్కసారిగా ఎక్కువగా కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ నీరు లోపలి పొర విడిపోయిందనడానికి గుర్తు కావచ్చు.

పాలు మానక్కర్లేదు. బిడ్డకు పాలిస్తున్నానని ముందే చెబితే దానికి తగిన మందే రాస్తారు.