రాబర్ట్స్ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీ నిండా పతకాలూ బిరుదులే. ఆ పేజీ తీసెయ్యి.

1858 నాటి మనిషిని 'లార్డ్ రాబర్ట్స్' అన్నావు. అప్పటికి అతను పాతికేళ్ల లెఫ్టినెంటు, బెంగాల్ ఫిరంగిదళం. 'సర్' 1879లో, 'లార్డ్' 1892లో వచ్చాయి. ఏ ఏటి సంగతికి ఆ ఏటి హోదానే రాయాలి. 1860 నవంబరు 12న కెప్టెన్, మర్నాడే మేజర్ అని ఉంటే అచ్చుతప్పనుకుని ఒకటి కొట్టేసినట్టున్నావు. రెండూ నిజమే. రెండోది బ్రెవెట్, అంటే యుద్ధసేవకు గుర్తుగా ఇచ్చే పై హోదా. సొంత దళంలో అతను కెప్టెనే. కెప్టెన్ కానివాడికి బ్రెవెట్ మేజర్ ఇవ్వరు కాబట్టి ఒక్కరోజు తేడా.

బ్రిటిష్ సైన్యంలో సాహసానికిచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ అతనికి తెచ్చిన ఘట్టాన్ని 'అసమాన శౌర్యం' అని ఒక్క మాటతో దాటేశావు. అక్కడే ఆగాలి. 1858 జనవరి 2, ఉత్తరాదిన ఖుదాగంజ్. 1857 తిరుగుబాటు సిపాయిలను తరుముతుండగా వాళ్లలో ఒకడు, ఇంగ్లీషువాళ్ల కొలువులోని భారతీయ సవారును (గుర్రపు సైనికుణ్ణి) బాయినెట్‌తో పొడవబోయాడు. రాబర్ట్స్ అడ్డుపడి సిపాయిని నరికాడు. తర్వాత జెండాతో పారిపోతున్న ఇద్దరి వెంటపడ్డాడు. ఒకణ్ణి నరికి కర్ర లాక్కుంటుంటే రెండోవాడు తుపాకి ఒంటికి ఆనించి మీట నొక్కాడు. పేలలేదు. పేలి ఉంటే నీకు వ్యాసమే లేదు! పతకం ప్రకటన ప్రభుత్వ గెజెట్‌లో పడింది ఆ ఏడాది డిసెంబరు 24న. రెండు తేదీలూ కలిపెయ్యకు. ఆ సవారే ఇంతకు రెట్టింపు సాహసం చేసినా ఈ పతకం రాదు. 1911 దాకా భారతీయ సైనికులకు అర్హత లేదు. ఇది నీ పాఠకుడికి తెలియాలి.

ఇక రెండో ఆఫ్ఘన్ యుద్ధం. 1880లో రాబర్ట్స్ సేన కాబూల్ నుంచి కాందహార్‌కు చేసిన నడక. దారి పొడవునా యుద్ధమే అని రాశావు, లేదు. కొత్త అమీరు అబ్దుర్ రహమాన్ సహకరించాడు. అసలు పోరు వేడితో, తిండితో, వంటచెరకుతో. 300 మైళ్లకు పైగా దూరం, మూడు వారాలు. సుమారు 10,000 మంది సైనికుల్లో 7,000 పైచిలుకు భారతీయులు. మోతగాళ్లూ నౌకర్లూ మరో 8,000. చక్రాల ఫిరంగులు వెనకబడతాయని కంచరగాడిదల మీద మోసే కొండఫిరంగులే తెచ్చారు. తెల్లవారుజామున 2.45కి లేపితే 4 గంటలకు కదలాలి. కట్టెలు దొరక్క ఇళ్లు కొని, దూలాలు ఊడదీసి వండుకున్నారు. చివరి రోజుల్లో రాబర్ట్స్ జ్వరంతో డోలీలో వచ్చాడు. అంతకుముందు ఏడాది కాబూల్‌లో అతను వేయించిన ఉరిశిక్షల్ని వదిలేశావు. ఇదే అధ్యాయంలో, ఇదే గొంతుతో రాయి.

ఇక 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపత్యానికి నువ్విచ్చింది ఒక్క వాక్యం. తెలుగులో రాస్తూ ఇదేం పద్ధతి? దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని అతను తేల్చుకున్నది అక్కడే. తర్వాత 1893 దాకా భారత సేనాధిపతిగా ఉత్తరాది 'యుద్ధజాతుల' వైపు, అంటే పుట్టుకతోనే యోధులని బ్రిటిష్‌వాళ్లు ముద్రవేసిన వాళ్ల వైపు మొగ్గాడు. తరాలుగా ఆ సైన్యంలో ఉన్న తెలుగువాళ్లకు కొలువులు తగ్గాయి. దీనికి రెండు పేజీలు కావాలి. చోటు చాలకపోతే దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధాన్ని కుదించు. ఆ యుద్ధంలో కొలెన్సో దగ్గర గాయపడి చనిపోయిన రాబర్ట్స్ కొడుక్కీ విక్టోరియా క్రాసే వచ్చిన సంగతి మాత్రం ఉంచు.