యురాయ్ యకుబిస్కో 1970లలో చాలా ఏళ్లు ఫీచర్ సినిమాలు ఎందుకు తీయలేదు?

తీయలేదు అనడం కన్నా తీయనివ్వలేదు అనాలి. ఈ స్లొవాక్ దర్శకుడు, స్క్రీన్‌ప్లే రచయిత ప్రాగ్‌లోని ‘ఫాము’ (FAMU) అనే ఫిల్మ్ స్కూల్లో చదివి, 1967లో తొలి ఫీచర్ తీశారు. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు చెకొస్లొవాకియాలోకి దిగాక సెన్సార్ పట్టు బిగిసింది. 1969 నాటి 'పక్షులు, అనాథలు, పిచ్చోళ్లు' నిషేధానికి గురైంది. 1970లో మొదలుపెట్టిన ఇంకో సినిమా అయితే 1990లో గానీ పూర్తి కాలేదు, ఇరవై ఏళ్లు! మధ్యలో డాక్యుమెంటరీలతో నెట్టుకొచ్చి, 1979లో మళ్లీ ఫీచర్లకు వచ్చారు. 1983లో 'వెయ్యేళ్ల తేనెటీగ', 1985లో జానపద కథ 'పెరిన్‌బాబా' తీశారు. అందులో మంచు కురిపించే అవ్వగా ఇటలీ నటి జూలియెట్టా మసీనా నటించారు. నన్నడిగితే ముందు చూడాల్సింది 1969 సినిమానే.